ఆరన్ బర్ నిజంగా దేశద్రోహేనా?

అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్‌ను ద్వంద్వయుద్ధంలో కాల్చి చంపిన అక్కడి రాజకీయ నాయకుడు ఆరన్ బర్ దేశద్రోహి కూడానా అని అడిగారు. కోర్టు లెక్కలో కాదు. 1807లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ముందు విచారణ జరిగింది. దేశం మీద యుద్ధానికి దిగాడని చెప్పాలంటే ఒకే చర్యకు ఇద్దరు సాక్షులు కావాలి. అది తేలలేదు, వదిలేశారు. పడమటికి మనుషుల్ని, పడవల్ని పోగేసి ఆయన అసలేం చేద్దామనుకున్నాడో మాత్రం చరిత్రకారులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు.

న్యూజెర్సీకి ఉద్యోగానికొచ్చాక ఒక ఆదివారం వీహాకెన్ వెళ్లాం, 1804 జూలై 11న ఆ కాల్పులు జరిగిన చోటు చూద్దామని. అసలు చోటు లేదు, రైలు పట్టాల కోసం ఎప్పుడో తవ్వేశారు. పైన రోడ్డు పక్కన హామిల్టన్ విగ్రహం, ఒక బండరాయి ఉన్నాయి. గుండు తగిలాక దాని మీదే తల వాల్చాడని చెబుతారు. అప్పటికి బర్ పదవిలో ఉన్న ఉపాధ్యక్షుడు! రెండు రాష్ట్రాల్లో కేసులుండగానే వాషింగ్టన్ వెళ్లి సెనేట్ నడిపాడు.

నా మటుకు నాకు తుపాకీ కంటే నీళ్ల కంపెనీయే మనిషిని పట్టిస్తుంది. న్యూయార్క్ ఎల్లో ఫీవర్‌తో అల్లాడుతుంటే, ఊరికి మంచినీళ్లిస్తామని 1799లో మాన్‌హట్టన్ కంపెనీకి అనుమతి తెచ్చాడు. పాపం హామిల్టన్ కూడా సాయపడ్డాడు. అందులో సందు చూసి ఒక వాక్యం ఇరికించారు: మిగులు డబ్బును కంపెనీ వేరే వ్యాపారాలకు వాడుకోవచ్చు. అంతే, అదే ఏడాది బ్యాంకు తెరిచారు. నీళ్లకు మాత్రం దుంగలు తొలిచిన గొట్టాలు వేశారు. గుడి కమిటీ పేరు చెప్పి చిట్టీలు నడిపినట్టన్నమాట. ఊళ్లో ఉన్న రెండు బ్యాంకులూ హామిల్టన్ పార్టీ వాళ్ల చేతుల్లో ఉండేవి మరి, బర్ ఉక్రోషం బర్‌ది. ఇవాళ్టి జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకు మూలాల్లో అదొకటి.

1800 అధ్యక్ష ఎన్నికలూ అంతే. పార్టీ అధ్యక్షుడిగా అనుకున్నది థామస్ జెఫర్సన్‌ని, బర్‌ను ఉపాధ్యక్షుడిగానే; ఇద్దరికీ చెరి 73 ఎలక్టోరల్ ఓట్లొచ్చి సమానమైతే, అధ్యక్ష పదవి నాకొద్దని బర్ తెగేసి చెప్పలేదు. ప్రతినిధుల సభలో 36 సార్లు ఓటింగ్ జరిగాక గానీ తేలలేదు. అబద్ధమాడడు, నిజం చెప్పడు.

జాలేసేది ఒక్కచోటే. కూతురు థియోడోసియాకు లాటిన్, గ్రీకు కూడా నేర్పించాడు. 1812 చివర్లో తండ్రిని చూడ్డానికి ఓడెక్కిన ఆమె మళ్లీ కనపడలేదు.

ప్రిన్స్‌టన్‌లో తండ్రి, తాతల సమాధుల దగ్గరే ఆయనదీ ఉంది. పుట్టిన, పోయిన తేదీలు కాక రాయి మీద రెండే సంగతులు: అమెరికా విప్లవ సైన్యంలో కల్నల్, 1801 నుంచి 1805 దాకా ఉపాధ్యక్షుడు. మా ఆవిడ రాయి వెనక్కి కూడా వెళ్లి చూసొచ్చింది, మిగతాది అక్కడేమైనా రాశారేమోనని.