చిన్నాకు, షెపర్డ్స్ పై వండబోయే ముందు

గుంటూరు

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే ఆదివారం రాత్రి నీతో పాటు ఆ ఇంట్లో ఉంటున్న నలుగురికీ నీ చేత్తో షెపర్డ్స్ పై, అదే ఖీమా కూర మీద మెదిపిన బంగాళాదుంపలు పరిచి ఓవెన్‌లో కాల్చే ఆ ఇంగ్లీషు వంట, వండి పెట్టబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. పండుగనాడు వంటింటి గడప దగ్గర నిలబడి, గారె చేతిలో పడేదాకా కదలని పిల్లవాడివి, ఇంగ్లండులో లీడ్స్ వెళ్లిన నాలుగు నెలల్లోనే ఐదుగురికి వండే ధైర్యం తెచ్చుకున్నావంటే నాకు ఎంత సంతోషమో రాయలేను. ఆ సంతోషంతోనే పడుకున్నాను గానీ, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. ఓవెన్‌లోంచి ఆ పాత్రను దేనితో పట్టుకొని తీస్తావో, తీసి ఎక్కడ పెడతావో అన్న ఆలోచన పట్టుకొని ఇక నిద్ర రాలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొనవలసిన వాటి గురించి ఎక్కువ చెప్పను. ఐదుగురికి ముప్పావు కిలో గొర్రె ఖీమా, కిలోంపావు బంగాళాదుంపలు సరిపోతాయి. పొట్లం మీద లాంబ్ అని ఉందో లేదో చదివి మరీ తీసుకో. గొడ్డు మాంసంతో చేసినదాన్ని అక్కడివారు కాటేజ్ పై అంటారు. గొర్రెలకాపరి పేరున్న వంటలో గొర్రె మాంసమే ఉండాలని గుర్తుపెట్టుకుంటే పొరపాటు జరగదు. వూస్టర్ సాస్ రెండు చెంచాలు వేస్తే రుచి నిలబడుతుంది, కానీ అందులో చేప ఉంటుంది కాబట్టి, ఆ నలుగురిలో చేప పడనివారు ఉన్నారేమో ముందే అడుగు.

ఉల్లిపాయ, క్యారెట్ సన్నగా తరిగి వేయించి, ఖీమా వేసి రంగు మారేదాకా కలుపుతూ ఉండు. పైకి తేలిన కొవ్వు వంచేసి, చెంచాడు మైదా, రెండు చెంచాల టమాటా ప్యూరీ, ముప్పావు లీటరు స్టాక్, అంటే మాంసం ఎముకలో కూరగాయలో ఉడికించిన నీళ్లు, పోసి సన్నని మంట మీద ఉడకనివ్వు. దుంపలను చన్నీళ్లలో ఉప్పు వేసి పెట్టి ఉడికించు. నీళ్లు వంచేశాక వేడి గిన్నెలోనే ఒక నిమిషం ఉంచితే తడి ఆరుతుంది. వాటిని మిక్సీలో మాత్రం వేయకు, జిగురైపోతాయి. మేమూ ఆ దేశంలోనే షెఫీల్డ్‌లో ఉన్నన్నాళ్లూ నేను మీ అమ్మమ్మ ఇచ్చిన పప్పుగుత్తితోనే మెదిపాను. మారిస్ పైపర్ అనే అక్కడి రకం దుంపలు దానికింద పిండిలా విడిపోయేవి. ఆ పప్పుగుత్తి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నువ్వు వచ్చినప్పుడు తీసుకువెళ్లు.

ఇప్పుడు నా భయం సంగతి చెబుతాను. ఇది మాత్రం నిదానంగా చదువు.

1976 డిసెంబరులో మీ పెదనాన్నగారి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు, ఆయన భార్య మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చారు. పక్కింటి ముసలావిడ ఈ వంట నాకు రెండుసార్లు దగ్గరుండి నేర్పింది కాబట్టి, వాళ్లకు వాళ్ల తిండే పెట్టి మెప్పించాలనుకున్నాను. ఆ రోజు పొయ్యి ఆలస్యంగా వెలిగించాను. మటన్ ఇగురు ఎలా ఉండాలో మన ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు, నాకూ తెలుసు. అయినా వాకిట్లో కారు ఆగిన చప్పుడు వినపడేసరికి, ఇగరవలసిన కూర పులుసుగా ఉండగానే గాజు పాత్రలో పోసి, పొగలు కక్కుతున్న దాని మీదే మెదిపిన దుంపలు పరిచేశాను. బురదలో కాలు దిగబడినట్టు దుంపలన్నీ అడుగుకు దిగిపోయాయి. ఓవెన్‌లో పెట్టిన పది నిమిషాలకు పులుసు పొంగి, కింద పడి మాడి, వంటిల్లంతా పొగ కమ్మింది. కంగారులో చేతికందిన తడి గుడ్డతో పాత్రను పట్టుకున్నాను. తడి గుడ్డలోంచి వేడి క్షణంలో చేతికి తాకుతుందని, ఆ నీళ్లే ఆవిరై అరచేతిని కాలుస్తాయని అప్పుడు తెలిసింది. మంట తాళలేక, గిన్నెలు కడిగి బోర్లించే తడి స్టీలు పలక మీద దాన్ని దించేశాను. కొబ్బరికాయ కొట్టినట్టు ఒక్క చప్పుడుతో పగిలింది. కాలిన గాజుకు ఒకవైపు చన్నీళ్లు తగిలితే ఆ వైపు ముడుచుకుంటుంది, మిగతాది ముడుచుకోదు, అందుకే పగులుతుంది. ముక్కలు గుమ్మందాకా ఎగిరాయి. గుమ్మంలో మూడేళ్ల మీ అక్క నిలబడి ఉంది.

దానికి ఏమీ కాలేదు. ఆ డాక్టరుగారి భార్య మంచి పట్టు గౌనులో ఉండి కూడా మోకాళ్ల మీద కూర్చుని, నన్ను చేతిని కుళాయి కింద ఉంచమని చెప్పి, గాజు ముక్కలన్నీ తానే ఏరింది. ఆ రాత్రి అందరం బ్రెడ్డూ గుడ్లూ తిన్నాం. మీ అక్కకు అదేదీ గుర్తు లేదు. నా అరచేతి మీద మచ్చ నువ్వు చిన్నప్పుడు వేలితో రాస్తూ ఏమిటని అడిగేవాడివి, అది ఇదే.

కాబట్టి కూరను మధ్యాహ్నమే వండు. మూత తీసి నలభై నిమిషాలకు తగ్గకుండా ఇగరబెట్టి, గరిటెతో గీత గీస్తే ఆ గీత వెంటనే పూడకుండా ఉందో లేదో చూసుకో. తరువాత వెడల్పాటి పాత్రలో పరిచి చల్లారనివ్వు, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. చల్లారిన కూర గట్టిపడి దుంపల బరువును మోస్తుంది. గాజు పాత్ర వద్దు, ఎనామిల్ ట్రే కొనుక్కో. డబ్బు నేను పంపుతాను, దానికి మొహమాటపడితే నాకు కోపం వస్తుంది. దుంపలను అంచుల నుంచి మధ్యకు పరిచి, ఫోర్కుతో గీతలు గీయి. ఆ గీతల అంచులే ఎర్రగా కరకరలాడతాయి. 200 డిగ్రీలలో, ఫ్యాన్ ఓవెన్ అయితే 180లో, పైన ఎర్రబడి అంచుల దగ్గర కూర బుడగలు వచ్చేదాకా ఉంచు. ఫ్రిజ్‌లోంచి తీసిన కూర కాబట్టి ముప్పై అయిదు, నలభై నిమిషాలు పట్టవచ్చు. మధ్యలో కత్తి గుచ్చి తీస్తే మొన బాగా వేడిగా ఉండాలి. ట్రే కింద మరో పళ్లెం పెట్టడం మరువకు. పొడి గ్లవ్స్ రెండు చేతులకూ వేసుకో, పొడి చెక్క పలకను ముందే సిద్ధం చేసి, దాని మీదే దించు. అతిథులు కాసేపు ఆగుతారు. ఆకలి మీద ఉన్నవాళ్లకు ఆలస్యమైన భోజనం మరింత రుచిగా ఉంటుంది. మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు పొగలు వచ్చేలా ఒక్కసారే వేడి చేసి తిను.

మీరు ఏడింటికి భోజనానికి కూర్చునేసరికి ఇక్కడ రాత్రి పన్నెండున్నర అవుతుంది. నేను మేలుకునే ఉంటాను. ఎలా కుదిరిందో తరువాత తీరిగ్గా చెబుదువుగాని, ముందు నీ చేతులు కాలలేదని ఒక్క మాట ఫోన్ చేసి చెప్పు.

నీ పెద్దమ్మ