నిసిన్ జన్యువు ఉంది, జోన్ రావట్లేదు: ఎక్కడ చూడాలి?

నిసిన్ అంటే కొన్ని బ్యాక్టీరియాలు ఇతర బ్యాక్టీరియాలను చంపడానికి తయారుచేసే చిన్న ప్రోటీన్. పెరుగు నుంచి తీసిన లాక్టోకాకస్ లాక్టిస్ బ్యాక్టీరియాకి పీసీఆర్‌లో (జన్యువు ఉందో లేదో చూసే పరీక్షలో) నిస్-ఎ అనే నిసిన్ జన్యువు బ్యాండ్ బాగా వచ్చింది, ఈ.కోలై ప్లేట్ మీద మాత్రం జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) పడలేదు, కల్చర్ పారేయాలా అని ఒకరు అడిగారు. దయచేసి పారేయకండి.

ముందు ప్లేట్ సంగతి. నిసిన్ వెళ్లి పట్టుకునేది కణత్వచంలో ఉండే, కణగోడ కట్టడానికి వాడే లిపిడ్-2ని. ఈ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్‌లకు బయట ఇంకో పొర అడ్డంగా ఉంటుంది కాబట్టి నిసిన్ ఉన్నా తెలీదు. ఆ బయటి పొర లేని మైక్రోకాకస్ లూటియస్ బ్యాక్టీరియా మీద పెట్టి చూడండి.

ఇక జన్యువులు. మొత్తం 11 ఉంటాయి. నిస్-ఎ ఇచ్చేది 57 అమైనో ఆమ్లాల ముడి పెప్టైడ్ మాత్రమే. నిస్-బి అందులోని కొన్ని సెరీన్, త్రియోనీన్‌ల నుంచి నీటిని తీసేస్తుంది, సి వాటిని సిస్టీన్‌లతో కలిపి ఐదు రింగులు వేస్తుంది, టి బయటికి పంపుతుంది, పి మొదటి 23 ఆమ్లాల లీడర్‌ని కోసేస్తుంది. మిగిలిన 34 ఆమ్లాలదే అసలు నిసిన్. ఐ, ఎఫ్, ఈ, జి మాత్రం తన నిసిన్‌కి తనే చావకుండా ఆ బ్యాక్టీరియాని కాపాడతాయి.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యం కలిగించేవి ఆర్, కె. బయట ఉన్న నిసిన్‌ని కె పసిగడుతుంది, ఆర్ వెంటనే నిస్-ఎని ఆన్ చేస్తుంది. అంటే నిసిన్ తయారవడానికి సిగ్నల్ నిసినే! 1995లో ఆస్కార్ కైపర్స్ బృందం దీన్ని ఎంత అందంగా చూపించిందంటే, నిస్-ఎలో కేవలం 4 బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు) పోయిన స్ట్రెయిన్‌లో ఆ జన్యువు ట్రాన్స్‌క్రిప్షనే (ఆర్ఎన్ఏ తయారీయే) ఆగిపోయింది. బయటి నుంచి కాస్త నిసిన్ కలపగానే మళ్లీ మొదలైంది.

మా ల్యాబ్‌లో గేదె పాల నుంచి తీసిన ఒక ఐసోలేట్ కూడా ఇలాగే సతాయించింది. మైక్రోకాకస్ మీద కూడా దాని సూపర్‌నేటెంట్ (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) ఏమీ చేయలేదు. మేం వాడిన ఎం17 మీడియంలో బఫర్ ఉంటుంది, పీహెచ్ అంత తేలిగ్గా దిగదు. పీహెచ్ 6 దాటితే నిసిన్ చాలావరకు కణాలకే అంటుకుని ఉండిపోతుంది. అందుకని కణాలను వేరు చేయకముందే మొత్తం కల్చర్‌ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 3కి దించి, కాసేపు కలిపి, ఆ తర్వాతే సెంట్రిఫ్యూజ్ చేశాం. ఈసారి ప్లేట్‌లో ఆ ద్రవం పోసిన బావి (చిన్న గుంట) చుట్టూ అంచు స్పష్టంగా తేలిన జోన్ వచ్చింది. పక్క బావిలో అదే పీహెచ్‌కి తెచ్చిన ఖాళీ మీడియం పోశాం, దాని చుట్టూ బ్యాక్టీరియా మామూలుగానే పెరిగింది. ఈ కంట్రోల్ మాత్రం వదలకండి, లేకపోతే జోన్ ఆమ్లం వల్ల వచ్చిందంటారు.

అప్పటికీ రాకపోతే, పెరుగుతున్న కల్చర్‌కి చావనంత తక్కువ మోతాదులో నిసిన్ కలిపి నిస్-ఎ ఆర్ఎన్ఏ చూడండి. ఆర్ఎన్ఏ లేకపోతే ఆర్, కె, లేదా ప్రమోటర్‌ని (జన్యువు ఆన్ అయ్యే డీఎన్ఏ భాగాన్ని) అనుమానించాలి. ఆర్ఎన్ఏ ఉండి జోన్ లేకపోతే నిస్-ఎని సీక్వెన్స్ చేయించి, బి, సి, టి, పిలకు ప్రైమర్లు వేసి పీసీఆర్ చేయండి. సుక్రోజ్ పులియబెడుతుందో లేదో కూడా ఒకసారి చూడండి. టీఎన్5276 లాంటి ట్రాన్స్‌పోజాన్‌లలో (చోటు మారే డీఎన్ఏ ముక్కల్లో) నిసిన్, సుక్రోజ్ జన్యువులు కలిసే ప్రయాణిస్తాయి.