లెగాటో అంటే ఏమిటి? పెడల్ తొక్కితే సరిపోతుందా?

మీ పాప పియానో పుస్తకంలో స్వరాల మీద వంపు గీత, దాని పక్కన 'లెగాటో' అన్న మాట ఉన్నాయని, పెడల్ తొక్కి వాయించాలా అని అడిగారు. అక్కరలేదు. నన్నడిగితే మొదట్లో పెడల్ జోలికి పోకపోవడమే మంచిది.

ఒక స్వరానికీ తర్వాతి స్వరానికీ మధ్య ఖాళీ లేకుండా కలిపి వాయించడమే లెగాటో. దీనికి పూర్తిగా ఎదురు స్టకాటో: స్వరాలను విడివిడిగా, పొట్టిగా పలికించాలి, దాని గుర్తు చుక్క. ఆ వంపు గీత ఒకే స్థాయిలో పక్కపక్కన ఉన్న రెండు స్వరాలను కలిపితే మాత్రం అది లెగాటో కాదు, టై. అక్కడ రెండో స్వరాన్ని మళ్లీ నొక్కరు, రెండింటి కాలమూ కలిపి పట్టి ఉంచుతారు.

నేను ఇంటి దగ్గర పిల్లలకు పియానో నేర్పుతాను. చూసేవాళ్ల కళ్లు నొక్కే వేలి మీద ఉంటాయి గానీ, లెగాటో ఉన్నది లేచే వేలిలో. బొటనవేలితో 'సి' నొక్కి, చూపుడువేలితో 'డి' నొక్కండి. డి మెట్టు దిగే క్షణంలోనే సి మెట్టు పైకి రావాలి. వేలు ముందే లేస్తే స్వరం తెగిపోతుంది. "ఖాళీ వదలకు" అని ఎంత చెప్పినా పిల్లలకు అందదు. అందుకే కావాలనే రెండు మెట్లనూ కాసేపు కలిపి పట్టి ఉంచమంటాను. రెండు స్వరాలు ఒరుసుకునే ఆ మోత చెవికి బాగా తెలుస్తుంది. తర్వాత అది వినబడనంత వరకు ఆ కలయికను తగ్గించుకుంటూ రమ్మంటాను. చెవే వేలిని దిద్దుతుంది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పియానోలో సుత్తి తీగను తాకిన మరుక్షణం నుంచే నాదం సన్నబడుతుంది. పొడవైన స్వరం తర్వాతిదాన్ని గట్టిగా నొక్కితే, మధ్యలో ఖాళీ లేకపోయినా రాగం విరిగినట్టే ఉంటుంది. మిగిలిన నాదం ఎంతుందో విని, దానికి తగిన బరువుతోనే తర్వాతి స్వరం మొదలుపెట్టాలి. వాయించే ముందు ఆ వరుసను పిల్లల చేత పాడించేది ఇందుకే. పేరున్న పియానో స్వరకర్త షోపాన్ కూడా తన శిష్యులను మంచి గాయకుల పాట వినమనేవాడు. 1801లో వచ్చిన, పియానో విద్వాంసుడు క్లెమెంటీ రాసిన పియానో బోధిని ఇంకా సూటిగా చెబుతుంది: స్వరకర్త ఏమీ సూచించకపోతే ఎక్కువగా లెగాటోనే పాటించాలని.

కుడివైపు పెడల్ తొక్కితే తీగల నాదాన్ని ఆపే దిమ్మెలన్నీ ఒకేసారి లేస్తాయి. సామరస్యం, అంటే కలిసి పలికే స్వరాల గుంపు, మారినప్పుడు వదలకపోతే అన్నీ కలగాపులగం. వేళ్లు అందని దూరాలకు అది కావాలి, వేళ్లు చేయగల పనికి కాదు. ఆర్గాన్‌కు ఇలాంటి పెడల్ లేదు కనుక, ఆ వాద్యకారులు నొక్కి ఉన్న మెట్టు మీదే చప్పుడు కాకుండా వేలు మార్చి స్వరాలను కలుపుతారు.

కర్ణాటక సంగీతం విన్న చెవికి లెగాటో 'జారు'లా అనిపించవచ్చు. రెండూ వేరు. జారులో మధ్యనున్న శ్రుతులను తాకుతూ వెళ్తాం, లెగాటోలో మధ్యలో ఏదీ పలకదు. పాశ్చాత్య వయొలిన్‌లోనూ అంతే: వంపు గీత కిందున్న స్వరాలన్నీ కమాను దిశ మార్చకుండా ఒకే లాగులో వస్తాయి, ప్రతి స్వరమూ స్పష్టంగానే ఉంటుంది.

మీ ఇంట్లో ఉన్నది చిన్న కీబోర్డే అయినా వేళ్ల పని దాని మీద సాధన చేయవచ్చు. నాదం బరువు సరిచూసుకోవడానికి మాత్రం నొక్కే వేగాన్ని బట్టి శబ్దం మారే రకం కావాలి. కొత్తది కొనేటప్పుడు అది 'టచ్ సెన్సిటివ్' అవునో కాదో దుకాణంలోనే మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి.