మీ వంటింటి సందేహాలు: కోల్‌స్లాకి మయోనా, వెనిగరా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం నార్త్ కరోలినాలో షార్లెట్‌లో ఉంటాం. ఆఫీసులో పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చే విందు) ఉందంటే కోల్‌స్లా, అదే సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ సలాడ్, చేసి పట్టుకెళ్లాను, పొద్దున కలిపినప్పుడు చాలా బాగుంది, లంచ్ టైంకి చూస్తే గిన్నె అడుగున నీళ్లే నీళ్లు. పైగా లెక్సింగ్టన్ వైపు నుంచి వచ్చే ఒక కొలీగ్ "మా ఊళ్లో స్లాలో మయో వెయ్యనే వెయ్యరు" అన్నాడు. అసలు స్లాలో కలిపే డ్రెస్సింగ్ ఏది కరెక్ట్, మయో అంటే మయొనైజా, వెనిగరా? నీళ్లు ఊరకుండా ఏం చెయ్యాలి?
– ఓ పాఠకురాలు, షార్లెట్

జవాబు: ముందు నీళ్ల సంగతి చూద్దామండీ, ఎందుకంటే అది తేలకుండా మీరు ఏ డ్రెస్సింగ్ వేసినా అదే గతి. క్యాబేజీలో నూటికి తొంభై పాళ్లు పైనే నీళ్లుంటాయి, డ్రెస్సింగ్‌లో వేసే ఉప్పూ చక్కెరా ఆ నీళ్లని బయటికి లాగేస్తాయి, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అదే పని జరిగింది మీ గిన్నెలో. కాబట్టి ఆ లాగే పని మనమే ముందు చేయించెయ్యాలి. కిలో క్యాబేజీ సన్నగా తరిగి, ఒక టేబుల్ స్పూన్ ఉప్పు వేసి బాగా కలిపి, చిల్లుల గిన్నెలో పోసి కింద పళ్లెం పెట్టి గంట సేపు వదిలెయ్యండి. పావుగంటకే ముక్కలు మెరుస్తా కనపడతాయి, గంటయ్యేసరికి కింద పళ్లెంలో నీళ్లు నిలుస్తాయి, ముక్క వంచితే విరక్కుండా వంగుద్ది కానీ కొరికితే మాత్రం కరకరలాడుద్ది. అప్పుడు ఒక్కసారి చన్నీళ్లతో కడిగి, కాకరకాయ ముక్కలకి ఉప్పు పట్టించి పిండతాం చూడండి అట్లా గుప్పిళ్లతో గట్టిగా పిండి, పొడి బట్ట మీద ఆరబెట్టాలి. డ్రెస్సింగ్‌లో ఇంక ఉప్పు వెయ్యొద్దు, కలిపాక రుచి చూసి కావాలంటే అప్పుడు వేసుకోండి. క్యారెట్‌కి ఇంత తతంగం అక్కర్లేదు, తురిమి చివర్లో కలిపేస్తే చాలు.

ఇంక మీ కొలీగ్ మాట. ఆయన వాళ్ల ఊరి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడండీ. మీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ అంటే బార్బెక్యూకి పెట్టింది పేరు, 1984 నుంచి అక్టోబర్లో ఊరంతా కలిసి బార్బెక్యూ పండగ చేసుకుంటారు. అక్కడ పంది భుజం మాంసాన్ని కట్టెల నిప్పు మీద గంటల తరబడి మగ్గించి, వెనిగరూ కెచప్పూ ఎర్ర మిరపా కలిపిన పల్చటి సాస్ పోస్తారు, దాన్ని వాళ్లు డిప్ అంటారు. పక్కన పెట్టే స్లా కూడా అదే దారిలో ఉంటది, కెచప్, వెనిగర్, చక్కెర, మిరియాలు, కాస్త హాట్ సాస్, అంతే, మయో చుక్క కూడా ఉండదు. ఎర్రగా ఉంటది కాబట్టి రెడ్ స్లా అంటారు, క్యాబేజీని పోగుల్లా కాకుండా రవ్వలా సన్నగా కొట్టేస్తారు. అదే రాష్ట్రంలో తూర్పుకి పోతే సాస్‌లో కెచప్ ఉండదు, ఉత్త వెనిగరూ మిరపే, అక్కడ స్లాలో మయో పడుద్ది. టెనెసీలో మెంఫిస్ వైపు ఆవాల పేస్టు వేసి పసుప్పచ్చగా చేస్తారు. ఇంతమంది ఇన్ని రకాలుగా ఇష్టంగా తింటుంటే ఇందులో ఒకటి కరెక్టు మిగతావి తప్పు అని నేనైతే అనను. పక్కన ఏం వడ్డిస్తున్నారో చూసి డ్రెస్సింగ్ ఎంచుకోమంటాను. కొవ్వున్న మాంసం, ఫ్రైడ్ చికెన్, నూనెలో వేయించిన చేప పక్కనుంటే నోరు కడిగినట్టుండే పులుపు కావాలి, వెనిగర్ స్లా పెట్టండి. కారంగా, పొడిగా ఉండే కబాబ్‌లాంటివో సాండ్‌విచ్‌లో పెట్టడానికో అయితే మయో స్లా చల్లగా హాయిగా ఉంటది.

నా ఇష్టం అడిగితే వెనిగరే. పుల్లగా లేని స్లా ఎంత తిన్నా తిన్నట్టే ఉండదు నాకు. మయో వేసినా ముప్పావు కప్పు మించనివ్వను కిలో క్యాబేజీకి, దాంట్లో రెండు టేబుల్ స్పూన్లు యాపిల్ సైడర్ వెనిగర్, స్పూన్ ఆవాల పేస్ట్, స్పూన్ చక్కెర, మిరియాల పొడి ధారాళంగా, అర స్పూన్ సెలెరీ గింజలు. ఆ గింజలు మీకక్కడ ఏ షాపులోనైనా దొరుకుతాయి, అవి పడితేనే అమెరికన్ స్లా వాసన వచ్చేది, అవి లేవని మన వాము వేస్తే మాత్రం రుచి ఇంకెటో పోద్ది, దానికన్నా వదిలెయ్యడం నయం. రెడ్ స్లా అయితే అర కప్పు కెచప్, అర కప్పు వెనిగర్, రెండు స్పూన్ల చక్కెర, మిరియాలు, హాట్ సాస్ మీ కారాన్ని బట్టి. అక్కడివాళ్లు చక్కెర ఇంకా ఎక్కువే వేస్తారు, కానీ కెచప్‌లోనే బోలెడు తీపి ఉంది కదా. హాట్ సాస్‌కి టెక్సాస్ పీట్ తీసుకోండి, పేరు టెక్సాస్ అయినా అది తయారయ్యేది మీ రాష్ట్రంలోనే, విన్‌స్టన్ సేలంలో. రెడ్ స్లా ముందు రోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసుకోవచ్చు, తెల్లారికి ఇంకా బాగుంటది. మయోది మాత్రం డ్రెస్సింగ్ డబ్బాలో వేరుగా పట్టుకెళ్లి తినే ముందు కలపండి. ఎండాకాలం పార్కులో పిక్నిక్ అయితే అది ఐస్ మీద ఉండాలి, మామూలుగా రెండు గంటలు, బయట ఎండ 32 డిగ్రీలు దాటితే గంట, అంతకు మించి బయట ఉన్నది పారబొయ్యండి, మొహమాటపడొద్దు.

ప్రశ్న: మా ఇంట్లో గుడ్డు తినం. హైదరాబాద్‌లో దొరికే ఎగ్‌లెస్ మయోతో కోల్‌స్లా చేస్తే పిల్లలు ఇష్టంగా తింటున్నారు కానీ నాకూ మావారికీ తీపి తీపిగా ఉండి ఎక్కట్లేదు. పెరుగుతో చెయ్యొచ్చా? బయట షాపుల్లో మయో తినొచ్చా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: బయటి మయో గురించి మీరు భయపడటంలో తప్పేం లేదమ్మా. పచ్చి గుడ్డుతో చేసిన మయో సరిగ్గా దాచకపోతే అందులో సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా పెరుగుతుంది, అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్ల మయోని ఏడాది పాటు నిషేధించింది. షవర్మా, మండీ, మోమోల పక్కన గిన్నెలో పెట్టే మయో దేంతో చేశారో, ఎప్పుడు చేశారో అడగండి, అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు.

ఇంట్లో అయితే పాలతోనే మయో వస్తుంది. హ్యాండ్ బ్లెండర్ పట్టే పొడుగాటి జార్‌లో 100 ఎం.ఎల్. చల్లటి పాలు, ఆపైన 200 ఎం.ఎల్. సన్‌ఫ్లవర్ నూనె, అర స్పూన్ ఆవాల పేస్ట్, ఉప్పు వెయ్యండి. బ్లెండర్‌ని జార్ అడుక్కంటా పెట్టి కదపకుండా ఆన్ చెయ్యండి, అడుగు నుంచి తెల్లగా చిక్కబడటం కనపడుద్ది, అప్పుడు మెల్లిగా పైకి లాగండి. చిక్కబడ్డాకే నిమ్మరసం. చక్కెర మీ చేతిలోనే ఉంది కాబట్టి వేస్తే వెయ్యండి లేకపోతే లేదు. వేరుశనగ నూనె వద్దు, గానుగదైతే అస్సలు వద్దు, క్యాబేజీ వాసనని అణిచేస్తుంది.

పెరుగు శుభ్రంగా వాడొచ్చు, కానీ బట్టలో కట్టి ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు వేలాడదీసి నీళ్లన్నీ పోయాక వాడండి. ఉత్త పెరుగు కలిపితే అది మన క్యాబేజీ పెరుగు పచ్చడే అవుద్ది, అదీ బాగుంటది అన్నంలోకి, కోల్‌స్లా మాత్రం కాదు. సగం కట్టు పెరుగు, సగం మీ పాల మయో కలిపితే పెద్దవాళ్లకి సరిపోయే రుచి. పిల్లలకి తీపి కావాలి కాబట్టి క్యాబేజీ ఒకటే చేసి రెండు గిన్నెల్లోకి విడగొట్టండి, వాళ్ల గిన్నెలో అర చెంచా తేనె కలపండి, మీ ఇష్టాన్ని చంపుకోనక్కర్లేదు వాళ్లదీ అక్కర్లేదు.

ప్రశ్న: కోల్‌స్లాకి పోపు పెట్టొచ్చా?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: వెనిగర్‌దైతే నిక్షేపంగా పెట్టండి, ఆవాలు, ఎండుమిర్చి, రెండు కరివేపాకు రెబ్బలు చాలు, ఇంగువ మాత్రం వద్దు. మయో దాంట్లో వేడి పోపు పొయ్యొద్దండీ, మయో విరిగి నూనె పైకి తేలుద్ది. పూర్తిగా చల్లారాక కలపండి, అది కూడా నూనె స్పూన్‌కి మించకుండా.