పాలు పడనివారికి పెరుగు ఎలా పడుతుంది?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. చిన్నప్పుడు రోజూ రాత్రి గ్లాసెడు పాలు తాగి పడుకునేదాన్ని. నాలుగైదేళ్లుగా పాలు తాగిన గంట, రెండు గంటల్లో కడుపు ఉబ్బరించి గుడగుడలాడుతోంది, ఒక్కోసారి విరేచనం కూడా అవుతోంది. అవే పాలు తోడు వేసిన పెరుగు రెండు పూటలా తిన్నా ఏమీ కాదు. ఇదంతా నా అపోహేనని మా అత్తగారు అంటున్నారు. పాలు మానేస్తే ఎముకలు బలహీనపడతాయేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇది అపోహ కాదు. పాలు పడక పెరుగు పడడం చాలామంది పెద్దవాళ్లలో కనిపించేదే, దానికి స్పష్టమైన కారణం కూడా ఉంది. పాలలో లాక్టోజ్ అనే చక్కెర 100 మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాములు ఉంటుంది. అది ఉన్నది ఉన్నట్టుగా రక్తంలోకి చేరలేదు; చిన్న పేగు లోపలి పొరలో ఉండే లాక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని గ్లూకోజ్, గెలాక్టోజ్‌లుగా విడగొట్టాలి. పసితనంలో ఈ ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది కానీ, తల్లిపాలు మానే వయసు దాటాక చాలామందిలో క్రమంగా తగ్గిపోతుంది. ప్రపంచంలోని పెద్దవాళ్లలో ఎక్కువ మంది పరిస్థితి ఇదే, దక్షిణ భారతంలోనూ ఇది సర్వసాధారణం. తగ్గుదల చిన్నప్పుడే మొదలైనా ఇబ్బంది బయటపడడానికి ఏళ్లు పట్టవచ్చు.

విడిపోని లాక్టోజ్ పేగులోకి నీటిని లాక్కుంటూ పెద్ద పేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులను పుట్టిస్తాయి. మీ ఉబ్బరం ఆ వాయువుల వల్ల, విరేచనం ఆ నీటి వల్ల. మన శరీర కణాలు హైడ్రోజన్‌ను తయారు చేయవు కాబట్టి, లాక్టోజ్ తాగించాక ఊపిరిలో ఆ వాయువు ఎంత పెరిగిందో కొలిచి ఈ సమస్యను నిర్ధారించే పరీక్ష కూడా ఉంది.

ఇక పెరుగు సంగతి. గోరువెచ్చని పాలలో మీరు వేసే చెంచాడు తోడులోని బ్యాక్టీరియా రాత్రంతా లాక్టోజ్‌నే తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పెరుగుకు ఆ పులుపు, ఆ గట్టితనం వచ్చేది అందువల్లే. అయితే ఇలా తగ్గేది కొంత భాగమే. పెరుగులో ఇంకా చాలా లాక్టోజ్ మిగిలే ఉంటుంది కనుక, మీకు పడడానికి ఇదొక్కటే కారణం కాదు. ఆ బ్యాక్టీరియాలో లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. పెరుగుతో పాటు అది మీ చిన్న పేగు దాకా వచ్చి, మీ శరీరం చేయలేని పనిని తాను చేసిపెడుతుంది. పైగా పెరుగన్నం జీర్ణాశయం నుంచి పాల కన్నా నెమ్మదిగా కిందికి దిగుతుంది కాబట్టి పేగు మీద ఒక్కసారిగా భారం పడదు. మజ్జిగ పులుసులో మాత్రం మరిగించడం వల్ల ఆ ఎంజైమ్ పాడైపోతుంది. పులిసినప్పుడు తగ్గిన లాక్టోజ్ మేరకే అక్కడ లాభం.

పాలను ఎంత కాచినా లాక్టోజ్ పోదు. కోవా చేస్తే నీరు ఇగిరి అది మరింత చిక్కబడుతుంది. నేతిలో మాత్రం దాదాపు ఉండదు. రెండు వారాలు పాలు పూర్తిగా మాని, ఆ తర్వాత మళ్లీ తాగి చూస్తే సంగతి మీకే తెలుస్తుంది. లాక్టేజ్ తక్కువగా ఉన్నవారిలోనూ చాలామందికి భోజనంతో పాటు అర గ్లాసు పాలు, కాఫీలో కలిసే కాసిన్ని పాలు ఇబ్బంది పెట్టవు. అయితే బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా, రాత్రి నిద్రలోంచి లేపేంతగా విరేచనాలు అవుతున్నా పాలను తప్పుపడుతూ కూర్చోకుండా వైద్యులను కలవండి.

ఎముకల గురించి మీ భయం తీరేదే. పాలలోని కాల్షియం పెరుగులోనూ ఉంటుంది. మీ వయసువారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అందులో కొంత, గింజల్లో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలకు చిక్కి శరీరానికి అందదు కానీ, నానబెట్టి మొలకెత్తిస్తే ఆ నష్టం తగ్గుతుంది. నువ్వులు, ముళ్లతో సహా తినే చిన్న చేపలు కూడా మంచివే.

ప్రశ్న: మా మూడేళ్ల బాబుకు విరేచనాలు తగ్గి వారమైంది. పాలు పడితే మళ్లీ మొదలవుతున్నాయి. వాడికి ఇక జీవితాంతం పాలు పడవా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అలా అనుకోనక్కర్లేదు. లాక్టేజ్ చిన్న పేగులోని సన్నని మొనల చివర ఉంటుంది. విరేచనాల జబ్బులో ముందుగా దెబ్బతినేవి ఆ మొనలే. అవి మళ్లీ పెరిగేవరకు, అంటే సాధారణంగా కొన్ని వారాల పాటు, పాలు తగ్గించి పెరుగన్నం, పప్పన్నం పెట్టండి. నీరసపడినా, మూత్రం తగ్గినా వెంటనే పిల్లల వైద్యులకు చూపించండి. బాబు ఇంకా తల్లిపాలు తాగుతుంటే వాటిని మాత్రం ఆపకండి.