టెక్ సందేహాలు: సగం కడితే అప్పు మాఫీ అన్నారు, యాప్ కూడా వేయించారు

ప్రశ్న: రెండు పర్సనల్ లోన్లు, ఒక క్రెడిట్ కార్డు కలిపి 4 లక్షలు బాకీ ఉన్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘సగం కడితే చాలు, మిగతాది మాఫీ’ అని చూసి ఫోన్ చేశాను. ఫీజు అని 18 వేలు కట్టించుకున్నారు. ఈఎంఐలు ఆపేయమన్నారు, బ్యాంకు ఫోన్లు ఎత్తొద్దన్నారు. వాట్సాప్‌లో ఫైలు పంపి ఒక యాప్ వేయించారు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీరు 18 వేల గురించి బాధపడుతున్నారు, నాకు మాత్రం ఆ యాప్ గురించే భయం. ప్లేస్టోర్‌లో కాకుండా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (యాప్‌ను నేరుగా ఫోన్‌లో వేసే) ఫైలు మీ మెసేజ్‌లు, ఓటీపీలు చదవగలదు. ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేయండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ రెండు చోట్లా ఆ యాప్‌కున్న అనుమతి తీసేయండి. అవి ఉన్నంతసేపు కొన్ని యాప్‌లు అన్‌ఇన్‌స్టాల్ కావు. అప్పటికీ పోకపోతే ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే.

ఫోన్ శుభ్రమయ్యాక *#21# కొట్టి మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయేమో చూడండి. మళ్లుతుంటే ##002# తో రద్దవుతుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ (మీ ఖాతా తెరిచి ఉన్న వేరే పరికరాలు), యూపీఐ యాప్‌లో ఆటోపే కూడా చూసుకోండి. నెలనెలా ఫీజు లాగేలా మీ చేతే ఓకే చేయించి ఉండొచ్చు.

డబ్బు సంగతి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పండి. లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. కోపంతో చాట్ మాత్రం డిలీట్ చేయొద్దు, మీ చేతిలో ఉన్న సాక్ష్యం అదే.

ఇక అప్పు. కొండ మీద దర్శనం ఇప్పిస్తామనే దళారులను చూసిన ఊరివాళ్లం, ఈ బాపతు మనకు కొత్త కాదు. బాకీ తగ్గించే అధికారం అప్పిచ్చిన సంస్థకు తప్ప ఇంకెవరికీ లేదు. ఫీజు తీసుకుని రుణమాఫీ సర్టిఫికెట్లు ఇస్తామనే వాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులోనే హెచ్చరించింది. ఈఎంఐ ఆపితే వడ్డీ, జరిమానా పెరిగేది మీకే, వాళ్లకేం పోదు.

కట్టలేని పరిస్థితే ఉంటే బ్రాంచికి వెళ్లి నేరుగా అడగండి. ఎంతకు రాజీయో రాసిన సెటిల్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే, అదీ లోను ఖాతాలోకే డబ్బు వేయండి. అప్పుడు కూడా మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ అని పడుతుంది, కొత్త లోను దొరకడం కష్టం. లోక్ అదాలత్‌లోనూ రాజీ కుదుర్చుకోవచ్చు, కోర్టు ఫీజుండదు. న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే బ్యాంకుకు రాసివ్వండి, 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదుల అధికారికి) వెళ్లొచ్చు.

ఒకటి రాసిపెట్టుకోండి: ‘మీ 18 వేలు వెనక్కి ఇప్పిస్తాం, 2 వేలు కట్టండి’ అని ఇంకో ఫోన్ వస్తుంది. చాలాసార్లు ఆ ముఠానే.

ప్రశ్న: 3 వేలిస్తే సిబిల్ స్కోరు పెంచుతామంటున్నారు. నిజమేనా? మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: తగ్గదు. క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పుంటే మీరే ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చుండదు. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు మీకే రావాలి. తప్పేమీ లేకుంటే 3 వేలు తీసుకున్నవాడు చేయగలిగింది కూడా ఏమీ లేదు.