ముందు రొట్టె పెట్టండి, ప్రసంగం తర్వాత

“ఎంత ప్రార్థించినా కష్టం తీరనప్పుడు విశ్వాసంలో ధైర్యంగా నిలబడటం ఎలా?” అని అడిగారు. ఒంటరిగా నిలబడాలని చూడకండి, నేను చెప్పేది అదే. ధైర్యం తెచ్చుకోమంటే వచ్చేది కాదు. పక్కన ఒక మనిషి కూర్చుంటే వస్తుంది. మా అమ్మ విషయంలో కళ్ళారా చూశాను.

మాది కడప జిల్లా జమ్మలమడుగు. అమ్మకు పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మొదట్లో ఇంటి నిండా ప్రార్థనలే. రానురాను వచ్చేవాళ్ళు తగ్గారు. అప్పుడు ఎవరో చెబితే వేరే ఊరి ప్రసంగికుడొకాయన వచ్చాడు. తలమీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించి, లేచి నడవమన్నాడు. అమ్మ లేవలేకపోయింది. దాచిపెట్టిన పాపమేదో అడ్డుపడుతోంది, ఒప్పుకోమని అందరి ముందూ అనేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు, వాక్యం చదువుతానన్నా వద్దంది.

మరుసటి రోజు పొద్దున్నే మా సంఘంలో స్త్రీల మైత్రి అనే ఆడవాళ్ళ కూటమి పెద్దమ్మ ఒకామె వచ్చింది. గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, చెంబులో మజ్జిగ, కొంచెం ఊరిబిండి పచ్చడి తెచ్చింది. నేను బైబిల్ అందుకోబోతే, “ముందు తినల్ల, ఆమీద ప్రార్థన” అంది. రొట్టె తుంచి మజ్జిగలో నానబెట్టింది. కుడి పక్క పెడితే జారిపోతుందని ఎడమ పక్కనుంచి కొంచెం కొంచెంగా నోటికందించింది. “ఏలీయా చచ్చిపోతానని పండుకుంటే దేవదూత ఏం చేసినాడు? రొట్టె పెట్టినాడు. తిట్టలేదు కదమ్మా” అంది. అమ్మ ఏడుస్తూనే తినింది.

ఆమె చెప్పింది మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది. కర్మెలు కొండమీద అంత విజయం చూసిన ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు అరణ్యంలోకి పారిపోయి చావు కోరుకున్నాడు. దూత తట్టి లేపి, తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి పెట్టాడు. ఆ తిండి బలంతోనే ఏలీయా నలభై రోజులు హోరేబు దాకా నడిచాడు.

జబ్బు నయం కాకపోతే విశ్వాసం లేదనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే బాధ, తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. తన తోటివాడు త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వచ్చానని ఆయనే రాశాడు. పౌలుకు విశ్వాసం తక్కువైందని అనగలరా వీళ్ళు?

మన కూటాల్లో సాక్ష్యాల తీరు కూడా మారాలి. స్వస్థత పొందినవాళ్ళకు, ఉద్యోగం వచ్చినవాళ్ళకే మైకు ఇస్తారు. జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తున్నవాళ్ళు వెనక బెంచీలో తల దించుకుని కూర్చోవాలా? కడపకు లండన్ మిషన్ వాళ్ళు వచ్చింది 1822లో. ఆ తర్వాత 1876-78 నాటి ధాత కరువుతో మొదలుపెట్టి మన సీమ విశ్వాసులు ఎన్ని కరువులు చూసి ఉంటారు! అద్భుతం జరిగితేనే నమ్ముతామని వాళ్ళు అనుకుని ఉంటే ఈ గుళ్ళు మనదాకా వచ్చేవా?

తర్వాత ఒక ఆదివారం అమ్మను వీల్‌చైర్‌లో గుడికి తీసుకుపోయాం. సాక్ష్యాల సమయంలో తనే చెయ్యెత్తింది. “కాలు రాలేదు, చెయ్యి రాలేదు. అయినా నా దేవుణ్ణి నేను విడవను” అంది, మాట తడబడుతూనే. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు లేచి, తమ ఇళ్ళలో తీరని బాధలు మొదటిసారి బయటికి చెప్పుకున్నారు. పాస్టరు అయ్యగారు ప్రసంగం కుదించి, వాళ్ళందరికోసం ప్రార్థన చేయించారు.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది: ఈ వారం ఎవరైనా “బాగున్నారా?” అంటే, “బాగాలేను, మా ఇంటికి ఒకసారి రండి” అని చెప్పండి. ప్రార్థించే ఓపిక లేదని కూడా చెప్పండి, మీ బదులు వాళ్ళు ప్రార్థిస్తారు. వేళకు తినండి, నిద్రపోండి. మీలో పాపం వెతకడానికి వచ్చేవాళ్ళను మాత్రం గడప తొక్కనివ్వకండి.